నిప్పు ముందు, బండి తర్వాత

ఆవిరింజనుకు తాళంచెవి ఉండదు. కరెంటింజనైతే డ్రైవరు ఎక్కి, పైన తీగకు పాంటోగ్రాఫ్ లేపి, బ్రేకులు సరిచూసుకుని కాసేపట్లో బయల్దేరిపోవచ్చు. బొగ్గింజను దగ్గర ఆ పప్పులుడకవు. ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి యాత్రికులతో కదలాల్సిన బండికి శనివారం పొద్దున్నే పని మొదలవ్వాలి. రైలు నడపడమంటే హ్యాండిల్ తిప్పడమని బయటివాళ్లం అనుకుంటాం. ఆవిరింజనులో హ్యాండిల్ పని ఆఖరుది. ఇంకో పది నిమిషాలకు ఎంత ఆవిరి కావాలో ముందే లెక్కగట్టి, అందుకు సరిపడా బొగ్గు ఇప్పుడే పొయ్యిలో వేసి ఉంచడం అసలు విద్య. ఎదర ఎత్తు కనబడ్డాక బొగ్గు వేస్తే ఆ ఎత్తు బండి ఎక్కదు.

విజయవాడకు ఈ విద్య కొత్త కాదు. 1889లో నిజాం రైలు బెజవాడ చేరింది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన పూర్తయింది. మద్రాసు దారి, కలకత్తా దారి, హైదరాబాదు దారి కలిసే జంక్షన్ కావడంతో గవర్నర్‌పేట, హనుమాన్‌పేట, సత్యనారాయణపురం వీధుల్లో రైల్వే కుటుంబాలు తరాలుగా కాపురాలున్నాయి. 1969లో ఇక్కణ్నుంచి సికింద్రాబాదుకు మొదలైన గోల్కొండ ఎక్స్‌ప్రెస్ అప్పట్లో దేశంలోకెల్లా వేగంగా నడిచే ఆవిరి రైలుగా పేరు తెచ్చుకుంది. తర్వాత దాన్ని గుంటూరు దాకా పొడిగించారు. ఆ రోజుల్లో బ్రాడ్‌గేజి ఎక్స్‌ప్రెస్ బండ్లకు కట్టేది డబ్ల్యూపీ తరగతి ఇంజను. బుల్లెట్ ముక్కు, ఆ ముక్కు మీద నక్షత్రం. ఏలూరు రోడ్డు టీ బంకుల దగ్గర డెబ్భై దాటిన ఏ రైల్వే పెద్దాయన్ని కదిలించినా ఆ ముక్కు సంగతే ముందు చెబుతాడు.

డబ్ల్యూపీల మొదటి విడత పదహారు ఇంజన్లు 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ నుంచి వచ్చాయి. 1967 దాకా మొత్తం 755 తయారయ్యాయి. చివరి ఏళ్లలో మన చిత్తరంజన్‌లోనే కట్టారు. బ్రాడ్‌గేజి మీద ఆవిరి రైళ్లకు 1995 డిసెంబరు 6న జలంధర్–ఫిరోజ్‌పూర్ బండితో మంగళం పాడారు. ఇప్పుడు మెయిన్ లైను మీద యాత్రికులను ఎక్కించుకుని తిరిగే ఆవిరింజను చూడాలంటే ఢిల్లీ పక్కన హర్యానాలో ఉన్న రేవాడీ హెరిటేజ్ షెడ్డుకు పోవాలి. 1893 నాటి షెడ్డు అది. అక్కడి డబ్ల్యూపీ 7161 పేరు అక్బర్, 1965లో చిత్తరంజన్‌లో పుట్టింది. ఢిల్లీ కంటోన్మెంట్, రేవాడీల మధ్య పర్యాటకుల బండిని లాగింది, హిందీ సినిమాల్లో వేషాలూ వేసింది. మనకు దగ్గర్లో చూడాలంటే చెన్నైలో ఈఐఆర్ 21 ఉంది. 1855 నాటి ఆ బుల్లి ఇంజనును పెరంబూరు వర్క్‌షాపు వాళ్లు 2010లో మళ్లీ బతికించారు. దాని తోబుట్టువే ఫెయిరీ క్వీన్. అదీ 1855దే, 1997లో ఢిల్లీ–ఆల్వార్ యాత్రకు దిగి మరుసటి ఏడాది గిన్నిస్‌కెక్కింది. అయితే ఆ రెండూ చిన్న ఇంజన్లు. మెయిన్ లైను ఎక్స్‌ప్రెస్ నడపడమంటే ఏమిటో తెలియాలంటే డబ్ల్యూపీనే చూడాలి. గోల్కొండ లాగిన కాలపు ఇంజనూ, రేవాడీలో బతికున్న ఇంజనూ ఒకే తరగతి కనక పని వరస కూడా ఒకటే.

ముందు రోజు పొద్దున్న షెడ్డులో చల్లారి ఉన్న ఇంజనును ఊహించుకోండి. మొదట చూసేది నీళ్లు. క్యాబ్‌లో బాయిలర్ వెనక గోడకు రెండు గాజు గొట్టాలుంటాయి. బాయిలర్లో నీటి మట్టం వాటిలో తెలుస్తుంది. రెండెందుకంటే ఒకటి మూసుకుపోతే రెండోది అబద్ధం బయటపెడుతుంది. చక్రాల కింద చెక్క దిమ్మలు, చేతి బ్రేకు బిగింపు, సిలిండర్లకు ఆవిరి వదిలే రెగ్యులేటర్ మూత, నీళ్లు పోయే సిలిండర్ కాక్‌లు తెరిచి ఉండటం ఒక్కొక్కటీ చేత్తో తాకి చూస్తారు. పొద్దున్న మూసి ఉన్న రెగ్యులేటర్ రాత్రి ఆవిరి పుట్టాక కాస్త కారినా ఇంజను తనంతట తాను కదిలిపోగలదు. పాత షెడ్లలో ఇలాంటివి జరగకపోలేదు.

తర్వాత ఒకడు నిప్పు తలుపు సందులోంచి పొయ్యి లోపలికి దూరతాడు. లావుపాటివాళ్లకు ఈ ఉద్యోగం రాదు. లోపల లైటు వేసుకుని బాయిలర్ గొట్టాల చివర్లలో చెమ్మ ఉందేమో, ఇటుకల కమాను కూలిందేమో, పైకప్పు రేకులో బిగించిన సీసపు ప్లగ్గు బాగుందో లేదో చూస్తాడు. ఈ ప్లగ్గు ఇంజనుకు ప్రాణరక్ష. పైకప్పు మీద నీళ్లు తగ్గిపోతే రేకు ఎర్రగా కాలకముందే సీసం కరిగి, ఆ రంధ్రంలోంచి ఆవిరి పొయ్యిలోకి దూకి హెచ్చరిస్తుంది. అది కరిగే దాకా తెచ్చుకున్న సిబ్బందికి ఆ రోజు డ్యూటీ అక్కడితో సరి. మర్నాడు సంజాయిషీ నోటీసు.

ముందువైపు స్మోక్‌బాక్స్ తెరిచి మసి, బూడిద తీసేసి తలుపు గట్టిగా బిగిస్తారు. ఈ తలుపు దగ్గర అలసత్వం చూపితే రేపు దారంతా ఏడుపే. ఎందుకంటే పొయ్యిలోకి గాలి లాగేది ఈ పెట్టెలో పుట్టే వెలితి. సిలిండర్లలో పని అయిపోయిన ఆవిరి పొగగొట్టంలోకి ఎగదన్నినప్పుడల్లా ఈ పెట్టెలో గాలి పల్చబడుతుంది, ఆ లోటు తీర్చడానికి పొయ్యిలోని వేడిగాలి గొట్టాల గుండా పరిగెత్తుకొస్తుంది. ఇంజను ఎంత గట్టిగా పనిచేస్తే నిప్పు అంతగా రాజుకుంటుంది. ఆవిరింజనులో నాకు అన్నిటికంటే నచ్చే తెలివి ఇదే. రెండు వందల ఏళ్ల కిందటి మనుషులు ఒక్క తీగా, ఒక్క మీటా లేకుండా ఈ ఏర్పాటు చేశారు. తలుపు సందు నుంచి బయటిగాలి దొంగతనంగా చొరబడితే ఆ వెలితి చెడుతుంది, నిప్పు మొండికేస్తుంది.

ఇప్పుడు నిప్పు. పొయ్యి అడుగున ఉండే జాలీ మీద పల్చగా బొగ్గు పరిచి, దాని మీద ఎండు కట్టెలు, నూనెలో తడిపిన కాటన్ వేస్టు వేసి అంటిస్తారు. ఆ తర్వాత తొందర పనికిరాదు. బాయిలర్ వేడెక్కితే పొడుగు సాగుతుంది. అందుకే దాన్ని ముందు సిలిండర్ల దగ్గర బిగించి, పొయ్యి వైపు మాత్రం జరగడానికి వీలుగా వదులుతారు. ఒక పక్క వేడి, ఒక పక్క చల్లదనం ఉండగా మంట ఎగేస్తే రేకుల అతుకులు, వందల కొద్దీ బిగింపు బోల్టులు ఒకదాన్నొకటి లాక్కుని పగుళ్లిస్తాయి. రోజూ తిరిగే కాలంలో ఇంజను పూర్తిగా చల్లారేదే కాదు కనక ఈ బాధ తక్కువ. నెలకో మాటు యాత్రకు తీసే హెరిటేజ్ ఇంజనుకు ప్రతిసారీ చన్నీళ్ల నుంచి మొదలే. వాడకపోవడమే దాన్ని ఎక్కువ అరగదీస్తుంది.

రాత్రి ఒకరు కాపలా ఉండి గంటకోసారి నాలుగు పారల బొగ్గు వేస్తూ, నీళ్లు చూస్తూ ఉంటారు. కాస్త ఆవిరి పుట్టాక బ్లోయర్ తిప్పొచ్చు. పొగగొట్టం కిందనుంచి సన్నటి ఆవిరి ధార ఎగజిమ్మి, ఇంజను నిలబడి ఉన్నా గాలి లాగే పని చేస్తుంది. తెల్లవారేసరికి గేజి సగం దాటుతుంది. డబ్ల్యూపీ పూర్తి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 14.8 కిలోలు. ఆ ఒత్తిడిలో నీళ్లు మరిగేది 100 డిగ్రీల దగ్గర కాదు, దాదాపు 200 డిగ్రీల దగ్గర.

డ్రైవరు, ఇద్దరు ఫైర్‌మన్లు బండి టైముకు రెండు మూడు గంటల ముందే వస్తారు. యాత్రల్లోనైతే వాళ్లతోపాటు ఒక లోకో ఇన్‌స్పెక్టర్, ఒక ఫిట్టర్ కూడా ఎక్కుతారు. డ్రైవరు ముందు చేసే పని నూనె పోయడం. పొడుగు ముక్కు నూనెక్యాను పట్టుకుని ఇంజను చుట్టూ తిరుగుతాడు. కనెక్టింగ్ రాడ్డు పెద్ద కొస, చిన్న కొస, క్రాస్‌హెడ్, స్లైడు బార్లు, వాల్వు కదిపే కడ్డీల కీళ్లు. ఒక వరసలో మొదలుపెడితే ఆ వరస తప్పడు, మధ్యలో ఎవరు పలకరించినా పలకడు. పలికితే ఎక్కడాపాడో మర్చిపోతాడు. మర్చిపోయిన ఆ ఒక్క కీలే నలభై కిలోమీటర్లు పోయాక కాలి వాసన కొడుతుంది. నూనె పోస్తూనే సుత్తితో అక్కడక్కడా తట్టి చూస్తాడు, ఖంగుమంటే నట్టు బిగువు, డొల్లగా పలికితే వదులు.

ఇంజను వెనక ఉండే టెండరులో 15 టన్నుల బొగ్గు, 25,000 లీటర్ల నీళ్లు పడతాయి. పూర్వం ప్రతి పెద్ద స్టేషన్లో ప్లాట్‌ఫారం చివర ఏనుగు తొండం పంపులుండేవి. ఇప్పుడు అవేవీ లేవు. యాత్ర బండి దారిలో ఆగే చోట నీళ్ల ట్యాంకరు ముందే తెప్పించి పెట్టుకోవాలి, గొట్టం కొలత సరిపోతుందో లేదో ముందు రోజే చూసుకోవాలి. చిన్న సంగతే అనిపిస్తుంది కానీ, బొగ్గు తక్కువైతే బండి మెల్లగా పోతుంది, నీళ్లు తక్కువైతే నిప్పు కిందికి లాగేసి అక్కడే ఆగిపోవాల్సిందే.

బొగ్గు మాట వచ్చింది కాబట్టి సింగరేణి గురించి చెప్పాలి. 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది కూడా రైళ్ల ఆకలి తీర్చడానికే. దక్షిణాది రైళ్లు చాలా ఏళ్లు ఆ బొగ్గు మీదే తిరిగాయి. మన బొగ్గులో బూడిద ఎక్కువ. అది కరిగి జాలీ మీద అట్టలు కడుతుంది, దాన్ని క్లింకర్ అంటారు. క్లింకర్ కట్టిన చోట గాలి రాదు, గాలి రాని చోట మంట చస్తుంది. వెల్ష్ బొగ్గుతో నేర్చుకున్న ఇంగ్లీషు పుస్తకం పాఠాలు ఇక్కడ సగమే పనికొచ్చేవి. మిగతా సగం ఫైర్‌మన్ పార నేర్పింది.

పార పని దగ్గర కాసేపు ఆగుదాం, యాత్రికుడి కంటికి అస్సలు కనపడనిది ఇదే. డబ్ల్యూపీ జాలీ విస్తీర్ణం 46 చదరపు అడుగులు, ఒక చిన్న గదంత. దానికి యంత్రంతో బొగ్గు వేసే ఏర్పాటు లేదు, అంతా మనిషి చేతుల మీదే. ఊగిపోతున్న నేల మీద కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి, నడుము తిప్పి, పారను నిప్పు తలుపు అంచుకు ఆనించి, మణికట్టు ఒక్క విసురు విసరాలి. ఆ విసురు ఎటు తిరిగితే బొగ్గు అటు పడుతుంది. ముందు గోడ దగ్గరికి ఒక రకం, వెనక మూలలకు ఒక రకం. వెనక మూలల్లో, పక్కల వెంట కాస్త దళసరిగా, మధ్యలో పెనం మీద పెసరట్టు పరిచినట్టు పల్చగా ఉండాలి. పార లోపలికి పోయేటప్పుడు రెండో ఫైర్‌మన్ తలుపు తెరుస్తాడు, బయటికి రాగానే మూసేస్తాడు. తలుపు అరక్షణం ఎక్కువ తెరిచి ఉంటే చల్లగాలి గొట్టాల మీద పడుతుంది. ఆ అరక్షణంలోనే పొయ్యి లోపల చూడాలి. తెల్లటి మంటలోకి మామూలుగా చూస్తే ఏమీ కనపడదు. పారను తిరగేసి లోపల పెడితే దాని వెంట గాలి ఒక పాయ తీసుకుంటుంది, ఆ సందులో నిప్పు అడుగు కనిపిస్తుంది. ఎక్కడ నల్ల మచ్చ ఉంటే అక్కడ క్లింకర్. ఎక్కడ కళ్లు చెదిరే తెలుపు ఉంటే అక్కడ బొగ్గు అయిపోయి కన్నం పడబోతోంది.

ఒకేసారి ఇరవై పారలు వేసి కూర్చోవడం చేతకానివాడి పద్ధతి. కొంచెం కొంచెం, తరచుగా వేయడం పనివాడి పద్ధతి. పొగే ఫైర్‌మన్ మార్కుల పట్టిక. సన్నటి బూడిదరంగు పొగ వస్తుంటే అంతా సవ్యం. నల్లగా దట్టంగా వస్తే బొగ్గు కాలకుండానే గొట్టంలోంచి ఎగిరిపోతోందని అర్థం. ఈ కాలపు హెరిటేజ్ యాత్రల్లో కెమెరాలవాళ్లు నల్లపొగ కావాలంటారు, వంతెన దగ్గరా మలుపు దగ్గరా పార నిండా పొడిబొగ్గు వేయించి పొగ పుట్టిస్తారు. ఫొటో బాగా వస్తుంది. పాత ఫైర్‌మన్ చూస్తే మాత్రం తల కొట్టుకుంటాడు.

బండికి కట్టాక బ్రేకు పరీక్ష. ఆ కాలపు బండ్లన్నీ వ్యాక్యూమ్ బ్రేకువి. ఎజెక్టర్‌తో గొట్టంలో గాలి తీసేసి ఇంజను గేజి 53 సెంటీమీటర్లు చూపేదాకా ఆగుతారు. గార్డు తన పెట్టెలో గేజి చూసి, ఒకసారి గాలి వదిలి బ్రేకులు పడుతున్నాయో లేదో ఖాయం చేసుకుంటాడు. ఇప్పటి పెట్టెలన్నీ ఎయిర్ బ్రేకువి కాబట్టి, యాత్ర వేయాలంటే ఇంజనుకు తగిన పెట్టెలు దొరుకుతాయా అన్నది తొలి ప్రశ్న.

సిగ్నల్ పడింది, గార్డు పచ్చజెండా చూపాడు. డ్రైవరు విజిల్ కొట్టి, వాల్వుల కదలికను సర్దే రివర్సర్‌ను పూర్తిగా ముందుకు తిప్పుతాడు, సిలిండర్ కాక్‌లు తెరిచే ఉంచుతాడు. చల్లటి సిలిండర్లో ఆవిరి నీరవుతుంది. నీరు నొక్కితే కుదించుకుపోదు, దానికి బయటికి దారి లేకపోతే పిస్టన్ సిలిండర్ మూతనే పగలగొడుతుంది. బండి కదిలేటప్పుడు ఇంజను ముందు ఇరుపక్కలా బుస్సుమని కమ్ముకునే తెల్లటి మేఘం ఈ నీళ్లు పోవడానికే. ప్లాట్‌ఫారం అంచున నిలబడి వీడియో తీసేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది, అది పన్నీరు జల్లు కాదు, ఒళ్లు కాలే ఆవిరి.

ఇక రెగ్యులేటర్. ఒక్కసారిగా లాగితే ఏమవుతుంది? పిస్టన్ వ్యాసం 51 సెంటీమీటర్లు పైచిలుకు. పూర్తి ఒత్తిడి దాని మీద పడితే ఒక్కో పిస్టన్‌ను నెట్టే బలం దాదాపు 30 టన్నులు. అయిదడుగుల ఏడంగుళాల చక్రాలు పట్టు తప్పి నిలబడ్డచోటే గిర్రున తిరుగుతాయి. మంచుపడ్డ పట్టా మీద, వానజల్లు మొదలైనప్పుడు ఇది మరీ ఎక్కువ. అప్పుడు రెగ్యులేటర్ వెంటనే మూసి, చక్రాల కింద ఇసుక వదిలి మళ్లీ మొదలుపెట్టాలి. మంచి డ్రైవరు రెగ్యులేటర్‌ను కొద్దిగా లాగి, ఆవిరి సిలిండర్ దాకా చేరేదాకా ఆగి, కప్లింగులు ఒక్కొక్కటే బిగుసుకునే చప్పుడు విని, అప్పుడు ఇంకాస్త లాగుతాడు. పెట్టెలో కూర్చున్నవాడి టీ గ్లాసు తొణకకూడదు. గోల్కొండ డ్రైవర్ల గురించి పాత రైల్వేవాళ్లు గొప్పగా చెప్పుకునేది వేగం ఒక్కటే కాదు, ఈ కదిలించడం కూడా.

చక్రం ఒక చుట్టు తిరిగితే బండి అయిదు మీటర్ల పైచిలుకు ముందుకు పోతుంది, పొగగొట్టంలో నాలుగు దెబ్బలు వినిపిస్తాయి. ఆ నాలుగూ సమానంగా ఉండాలి. ఒకటి బలహీనంగా ఉంటే ఏ సిలిండర్లో ఏ వైపు వాల్వు కారుతోందో డ్రైవరు చెవితోనే పోల్చుకుంటాడు. వేగం గంటకు 80 చేరేసరికి సెకనుకు పదహారు దెబ్బలు దాటుతాయి, ఇక విడివిడిగా వినపడవు, ఏకధారగా గర్జనే.

వేగం అందుకున్నకొద్దీ రివర్సర్‌ను వెనక్కి తిప్పుకుంటూ రావాలి. మొదట్లో పిస్టన్ దాదాపు చివరిదాకా పోయేంతవరకూ ఆవిరి వదులుతారు. తర్వాత పావు వంతు దూరానికే ఆవిరి ఆపేసి, ఉన్న ఆవిరి తనంతట తాను వ్యాకోచించి మిగతా దూరం నెట్టేలా చేస్తారు. బొగ్గు ఆదా అయ్యేది ఇక్కడే. దుబారా డ్రైవరుకు దొరికిన ఫైర్‌మన్ నడుము ఆ రాత్రి ఎత్తలేడు. అందుకే డ్రైవరు, ఫైర్‌మన్ల జోడీ కుదరడం గురించి షెడ్డుల్లో పెళ్లి సంబంధాల కంటే ఎక్కువగా మాట్లాడుకునేవారు.

నీళ్ల లెక్క మరో ఎత్తు. బాయిలర్లో నీళ్లు తగ్గుతుంటే ఇంజెక్టర్ వేసి టెండరు నుంచి ఎక్కించాలి. చన్నీళ్లు పోస్తే ఒత్తిడి పడిపోతుంది కాబట్టి, ఎత్తు ఎక్కే ముందే నీళ్లు నింపేసుకుని, ఎక్కేటప్పుడు వీలైనంత తక్కువ పోయాలి. మరీ నింపేస్తే నీళ్లే ఆవిరితోపాటు సిలిండర్లోకి పోతాయి. మోసం చేసేది ఎత్తు దిగేటప్పుడు. ఇంజను ముందుకు వంగగానే నీళ్లు ముందుకు జారి, పొయ్యి పైకప్పు ఉన్న వెనకవైపు మట్టం పడిపోతుంది. పైగా రెగ్యులేటర్ మూయగానే మరుగు తగ్గి మట్టం ఇంకాస్త దిగుతుంది. ఎక్కేటప్పుడు గాజులో సగం కనిపించిన నీళ్లు శిఖరం దాటగానే అడుగంటుతాయి. ఈ సంగతి తెలిసినవాడు శిఖరానికి ముందే ఇంజెక్టర్ మీద చెయ్యేసి ఉంచుతాడు.

హైదరాబాదు దారి ఇలాంటి లెక్కలకు మంచి బడి. కృష్ణ ఒడ్డు నుంచి కొండపల్లి, మధిర, ఖమ్మం, డోర్నకల్, వరంగల్, కాజీపేట మీదుగా సికింద్రాబాదు చేరేసరికి 350 కిలోమీటర్లలో 500 మీటర్ల పైచిలుకు ఎత్తు ఎక్కాలి. ఒకే చోట ఎక్కేది కాదు, కొంచెం ఎక్కి, కొంచెం దిగి, మళ్లీ ఎక్కే దారి. ఎక్కడ ఎత్తు మొదలో, ఏ స్టేషన్ సిగ్నల్ మలుపు వెనక దాక్కుంటుందో డ్రైవరుకు చీకట్లో కూడా తెలిసుండాలి. దారి నేర్చుకోకుండా బండి ఇవ్వరు, ఇప్పటికీ అదే నియమం. బాయిలర్ ముందు అంత పొడుగుండటంతో డ్రైవరుకు ఎదర సరిగా కనపడదు, పక్క కిటికీలోంచి తల బయటపెట్టి చూడాలి. మలుపు అవతలి వైపు తిరిగితే తనకు కనపడదు, అప్పుడు ఫైర్‌మన్ కళ్లే దిక్కు.

“డిస్టెంట్ గ్రీన్, సార్!”

“డిస్టెంట్ గ్రీన్. నీళ్లెంత?”

“సగానికి పైనే ఉన్నాయి సార్.”

డిస్టెంట్ అంటే స్టేషన్ సిగ్నల్ కంటే ముందొచ్చే హెచ్చరిక సిగ్నల్. ఒకరు అరిచింది ఇంకొకరు తిరిగి అరవాలి. ఆ హోరులో తలూపితే చాలదు.

ఆగేటప్పుడు ఒక్క జాగ్రత్త ప్రాణం కాపాడుతుంది. రెగ్యులేటర్ మూయకముందే బ్లోయర్ తెరవాలి. లేకపోతే గాలి లాగడం ఒక్కసారిగా ఆగిపోయి, పొయ్యిలో మంట నిప్పు తలుపులోంచి మనుషుల మీదికి దూకుతుంది. సొరంగాల్లో, వంతెనల కింద ఇది మరీ ప్రమాదం.

ఇవన్నీ పాత సంగతులే. ఇప్పటి యాత్రకు కొత్తగా వచ్చిపడ్డ భయం నెత్తిమీద తీగ. 25,000 వోల్టుల కరెంటు కింద ఆవిరింజను నడుస్తోంది. పూర్వం ఫైర్‌మన్ టెండరు మీదికెక్కి బొగ్గు ముందుకు లాగేవాడు, క్లింకర్ విరగ్గొట్టే పొడుగాటి గునపాలను పైకెత్తి తిప్పేవాడు. ఇప్పుడు తీగ కింద ఆ రెండూ చేయకూడదు. నీళ్ల మూత తెరవాలన్నా ముందు తీగలో కరెంటు ఆపించుకోవాలి. రెండో బెడద జనం. ఆవిరింజను వస్తోందని తెలిస్తే పట్టాల మీదికే వచ్చి సెల్ఫీలు తీసుకుంటారు. ఎదురు పట్టా మీద చప్పుడు చేయకుండా వచ్చే వందేభారత్ సంగతి ఎవరికీ పట్టదు.

గమ్యం చేరాక యాత్రికులు దిగి భోజనాలకు పోతారు. సిబ్బందికి పని ఇంకా ఉంది. బేరింగుల మీద అరచేతి వెనకభాగం పెట్టి వేడి చూడాలి. బూడిదగూడు ఖాళీ చేయాలి. క్లింకర్ విరిచి లాగేయాలి. షెడ్డు చేరాక నిప్పు దించేసి, బాయిలర్ నిండా నీళ్లు పెట్టి, పొగగొట్టం మీద మూత వేసి, తనంతట తాను చల్లారనివ్వాలి. చన్నీళ్లు పోసి త్వరగా చల్లారిస్తే ముందు రోజు పడ్డ జాగ్రత్తంతా బూడిదలో పోసినట్టే. కొన్ని యాత్రల తర్వాత బాయిలర్ లోపల పేరుకున్న బురద, పొలుసు కడిగేయాలి.

ఇక మన దగ్గర ఇలాంటి యాత్ర వేసే మాట. విజయవాడ నుంచి గుడివాడ మీదుగా మచిలీపట్నానికి 80 కిలోమీటర్ల దారి ఉంది. 1908లో వేశారు, పూర్తిగా బల్లపరుపు డెల్టా నేల, ఎత్తుపల్లాల బెడద లేదు. మధ్యలో గుడివాడలో నీళ్లు పట్టుకోవచ్చు. కోతల కాలం తప్పించాలి, కుప్పల మీద, గడ్డివాముల మీద నిప్పురవ్వ పడితే గోల. స్మోక్‌బాక్స్‌లో రవ్వలు ఆపే జాలీ ఉన్నా సంక్రాంతి దాటాకే మేలు. రేవాడీ నుంచి ఇంజను తేవడం ఖర్చుతో కూడినదే అయినా అసాధ్యం కాదు. అసలు కొరత మనుషులది. గోల్కొండ మొదలైన ఏడాది ఇరవై ఏళ్ల వయసులో పార పట్టిన కుర్రాడికి ఇప్పుడు డెబ్భై అయిదు దాటాయి. పార ఎలా విసరాలో, పొగ రంగు చూసి నిప్పు ఎలా చదవాలో పుస్తకంలో రాసి ఉన్నా, చేతికి నేర్పేవాడు కావాలి. రైల్వే ఒక్క నెల శిక్షణ పెట్టి, ఆ పెద్దవాళ్లలో ఓపిక ఉన్నవాళ్లను పిలిచి, పదిమంది కుర్ర లోకో పైలట్లకు ఈ పని నేర్పిస్తే యాత్ర సంగతి తర్వాతయినా చూసుకోవచ్చు. మీ ఇంట్లోనో మీ వీధిలోనో స్టీమ్ రోజుల డ్రైవరు, ఫైర్‌మన్, ఫిట్టర్ ఎవరైనా ఉంటే ఈ ఆదివారమే వెళ్లి కూర్చోండి. ఫోనులో రికార్డింగ్ నొక్కి, ఏ దారిలో ఎక్కడ ఎన్ని పారలు వేసేవారో అడగండి.